ఇంకా సగమే

మా బావ వడ్రంగి. చెక్క ఏదైనా సరే, ముందు సగం దగ్గర పెన్సిల్ గీత పెట్టనిదే రంపం ఆనించడు. పళ్లు కుట్టుకునే పుల్లకి కూడా సగం చూసేవాడు. ఒట్టు, నా కళ్లతో చూశాను.

మా అక్క మంచాన పడి నెలైంది. ఆ రోజు డాక్టరు చూసి, సాయంత్రం దాటదని మెల్లగా చెప్పి వెళ్లాడు. అక్క అడిగింది ఒక్కటే. బావ వచ్చి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవాలట. ముప్పై ఏళ్ల కాపురంలో తీరిక దొరకని పని అది.

బావ పనిచేసేది ముందు గదిలో. అక్కడి నుంచి మంచానికి ఇరవై నాలుగు అడుగులు. బావ టేపు తీశాడు. పన్నెండో అడుగు దగ్గర నేల మీద గీత గీసి, దాని మీద నిలబడ్డాడు. మిగిలినదాంట్లో సగం, ఆరు. గీత. అందులో సగం, మూడు. గీత. భయపడ్డవాడి చేతికి అలవాటైన పనే వస్తుంది కదా.

"ఎందాకా వచ్చావయ్యా?" అంది అక్క.

"ఇంకా సగమే ఉందే."

"ఇందాకా సగమేగా అన్నావు."

"అది వేరే సగం."

అక్క నవ్వింది. నవ్వు మధ్యలోనే దగ్గయింది.

బావ పెన్సిల్ చెక్కీ చెక్కీ సూదికన్నా సన్నం చేశాడు. అదీ లావైపోతే నా మీసంలో వెంట్రుక పీకి దాంతో గీశాడు. రెండు గీతల మధ్యకి ఓ చీమ వచ్చి, దారి చాలక వెనక్కి మళ్లింది. అక్క చెయ్యి మంచం మీంచి చాచే ఉంది. ఆ వేలికీ బావ వేలికీ మధ్య సిగరెట్ కాగితం కూడా పట్టదు. అయినా తగల్లేదు. వెనకనుంచి నెట్టేద్దామని పోయాను. నా చెయ్యీ ఆయన వీపు దాకా పోలేక సగంలో ఆగిపోయింది.

"పోనీలే, నేనే వస్తా," అంది అక్క. వేలు మాత్రం కదల్లేదు. ఆ తర్వాత ఏమీ అనలేదు.

పొద్దు వాలాక నలుగురు వచ్చి ఆమెని ఎత్తుకున్నారు. గీతలన్నీ తొక్కుకుంటూ తొమ్మిది అంగల్లో గుమ్మం దాటేశారు. సగం ఎక్కడో ఒక్కడూ చూడలేదు.

బావ ఇప్పటికీ అక్కడే, ఖాళీ మంచం ముందు చెయ్యి చాచి వంగే ఉన్నాడు. నిన్న భోజనం పట్టుకెళ్లి, ఇంకెంత ఉంది బావా అని అడిగాను.

"సగమే," అన్నాడు.