గుమ్మిలో డీజిల్

మా అల్లుడు సామ్యూల్‌కు కాకినాడ దగ్గర సముద్రంలో, చమురు బావుల మీద వెల్డింగు పని దొరికింది. శనివారం సాయంత్రం గద్వాలలో రైలెక్కాలి. శుక్రవారం నేను అయిదు లీటర్ల డీజిల్ క్యానును జొన్నల గుమ్మిలో పూడ్చిపెట్టాను.

అప్పటికి నాలుగు రోజులుగా బంకుల్లో పెట్రోలూ లేదు, డీజిలూ లేదు. మా ఊరి బస్సు కూడా రావడం లేదు. కౌలు చేనుకు కరెంటు లేదు కనుక, వాగులోంచి విత్తనపత్తికి నీళ్లు తోడే ఇంజనుకని మా బిడ్డ రజిత ఆ క్యాను దాచుకుంది. అందులోంచి రెండు లీటర్లు పోస్తే ఆటో నిరంజన్ స్టేషన్‌లో దింపుతానన్నాడు.

ఆటో కదలకపోతే అల్లుడు ఆగుతాడనుకున్నాను. నా పెనిమిటి డ్యాం పనికి పోయిన రోజు నేను కూలికి పోయి ఉన్నాను. మళ్లీ శవాన్నే చూశాను.

శనివారం పొద్దున ఇల్లంతా వెతికారు.

"ఎలుకలు తాగినయేమో," అన్నాడు నిరంజన్. "మీ అల్లుడు సముద్రంల తోడి పంపినంక పిలువుండ్రి, వస్త."

"కొత్త బావులు పడ్డయి, ఇగ కరువుండదని పేపర్ల రాసిండ్రు గద," అన్నాను. కూడబలుక్కుని సొంతంగా నేర్చుకున్న చదువు నాది.

"పాత బావులు ఎండుతున్నయి అత్తమ్మ," అన్నాడు సామ్యూల్. "కొత్త నూనె ఆ లోటుకే సరిపోతది. మన బంకు దాక ఎప్పుడొస్తదో తెల్వదు." సంచి భుజానికేసుకున్నాడు. "నడుస్త. పద్నాలుగు కిలోమీటర్లే."

మూడింటికి పోవలసినవాడు పదకొండుకే ఎండలో బయల్దేరాడు. అన్నం తినలేదు. క్యాను సంగతి నాలుక దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ తర్వాత అది బయటికి తీయడానికి మొహం చెల్లలేదు. తొమ్మిది రోజులు గడిచాయి. చేను వాడి పూత రాలింది. రజిత రోజూ పొద్దున్నే పోయి చూసి వచ్చేది.

పదో రోజు గుమ్మిలోంచి జొన్నలు తీసి రొట్టెలు చేశాను. రజిత తింటుండగా అల్లుడు ఫోన్ చేశాడు.

"ఆడ డీజిల్ వస్తుందా?" అతని గొంతు నాకూ వినిపిస్తోంది.

రజిత నమలడం ఆపింది. రొట్టె వాసన చూసింది. లేచి గుమ్మిలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది.

"ఏమైంది రజితా?" అన్నాడు ఫోన్‌లో అల్లుడు.

"ఏం లేదు," అంది నన్నే చూస్తూ. "అమ్మ నీతోని మాట్లాడ్తదంట."

ఫోన్ నా చేతిలో పెట్టింది.