గాజు అద్దం వెనక పిల్లల గది

మా కుట్టు ఫ్యాక్టరీలో పిల్లల గది కట్టారు. గోడల నిండా ఏనుగులూ జిరాఫీలూ, నేల మీద మెత్తటి పరుపు. బొమ్మలు మాసిపోతాయని ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు. అన్నీ అమర్చి, ఆయాను పెట్టడం మాత్రం మరిచారు. ఆయా లేదు కాబట్టి గదికి తాళం. మా బట్టలు కొనే పెద్ద కంపెనీలవాళ్లు తనిఖీకి వస్తేనే అది తెరుచుకునేది.

నా బిడ్డను పక్కింటి పెద్దామె దగ్గర వదిలేదాన్ని. ఆమె కూర్చున్నచోటే కునుకు తీస్తుంది. బిడ్డేమో కొత్తగా పాకుతోంది. కాలర్లు కుడుతున్నంతసేపూ నా కళ్లముందు వాళ్ల నీళ్ల బకెట్టే.

తనిఖీ ముందురోజు మేనేజరు పిలిచాడు. "రేపు పాపను తీసుకురా అమ్మాయ్. వాళ్లడిగితే కంపెనీ మాకు పుట్టిల్లు లాంటిదని చెప్పు. కాస్త నవ్వుతూ చెప్పు."

"పుట్టింటికి తాళమేస్తార్టే?" అంది పక్క మిషను వదిన, ఆయన అటు వెళ్లగానే.

మర్నాడు గుండీలు సరిచూసే పిల్లకు కొత్త ఏప్రాన్ తగిలించి ఆయాను చేశారు. ఆ పిల్ల జన్మలో పసిబిడ్డను ఎత్తి ఎరగదు. వచ్చినవాళ్ల కెమెరా వైపు పళ్లికిలించి నిలబడింది. గాజు అద్దంలోంచి చూద్దును కదా, నా బిడ్డ బొమ్మ కవరు నోట్లో కుక్కుకుంటోంది. కుడుతున్న కాలరు అలాగే వదిలి పరుగెత్తాను.

"ఆగు, ఆగు! ఫొటో అవుతోంది!" మేనేజరు గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆ చేతికింద నుంచి దూరి, బిడ్డ నోట్లో వేలు పెట్టి కవరు చింపి లాగాను. బిడ్డ గుక్కపట్టి ఏడ్చాక గానీ నాకు ఊపిరి రాలేదు.

అందరూ వెళ్లాక మేనేజరు నన్ను తన ముందు నిలబెట్టాడు. "మీకోసం ఇంత చేస్తే కంపెనీ మీద రవ్వంత అభిమానం లేదే! బయటివాళ్ల ముందు పరువు తీశావు."

"బిడ్డకు ఊపిరాడలేదు సార్."

"అయినా, ఆ కవరు చింపాల్సిన పనేముంది? బొమ్మ పాడవదూ?"

ఇలాంటివాడికా నేను ఇన్నాళ్లూ తలవంచుకుని కుట్టింది? బిడ్డను చంకనేసుకుని గేటు దాటాను.

ఇప్పుడు వెనక వీధి రేకుల షెడ్డులో కుడుతున్నాను. ఏనుగులూ జిరాఫీలూ లేవు. యజమానురాలి అత్తగారు ఓ మూల చాప పరిచి మా పిల్లల్ని ఆడిస్తుంది. నోరు పెద్దది, చూపు అంతకన్నా గట్టిది. మొన్న పని మీదపడి, "ఇంకాసేపు ఉండగలవా అమ్మా?" అని యజమానురాలు మొహమాటంగా అడిగింది.

ఆమె మాట పూర్తయ్యేలోగా సూదిలో దారం ఎక్కించాను.