మూడు మునకలు

భార్య చనిపోయిన కబురును రాజేశం దగ్గర పదకొండు రోజులు దాచినవాడు భూమేష్. ఇందులో వాదించడానికేమీ లేదు.

తొంభై ఆరు జూన్. ఖతర్ దేశంలో అల్ ఖోర్ దాటాక, సముద్రం ఒడ్డున గ్యాస్ ప్లాంటు కడుతున్న ఒక జపాను కంపెనీ క్యాంపులో ఇద్దరికీ పని. ఇద్దరివీ జగిత్యాల దగ్గర పక్కపక్క ఊళ్ళు. పదో తరగతి పాసైన భూమేష్ క్యాంప్ ఆఫీసులో ఫోన్ దగ్గర కూర్చునే సూపర్‌వైజర్. ఐదుతో ఆపేసిన రాజేశం స్నానాలశాల చూసుకునేవాడు.

ఆ స్నానాలశాల జపాను ఇంజనీర్లది. వాళ్ళ దేశంలో నేలలోంచి వేడినీళ్ళు ఉబికే చోట ఊరంతా కలిసి స్నానం చేసే ఇళ్ళు ఉంటాయట. ఈ ఇసుకలో అలాంటిదొకటి కట్టుకున్నారు. గుమ్మానికి నీలం గుడ్డ, లోపల పదిమంది పట్టే చెక్క తొట్టి, చుట్టూ పొట్టి పీటలు. బాయిలర్ నీళ్ళలో జపాను నుంచి వచ్చిన గంధకం పొడి కలిపితే పాల రంగు తిరిగేది. వేడి నలభై రెండు డిగ్రీలు ఉండాలి, పొడి రెండు గరిటెలు పడాలి. ఆ లెక్క రాజేశానికి తప్ప క్యాంపులో ఎవరికీ కుదరలేదు.

నియమాలూ గట్టివే. ముందు పీట మీద కూర్చుని ఒళ్ళు తోముకోవాలి. సబ్బు పూర్తిగా పోయాకే తొట్టిలో దిగాలి. తువ్వాలు నీళ్ళకు తగలకూడదు, తల ముంచకూడదు. ఒక ముసలి ఇంజనీరు తువ్వాలు మడిచి నెత్తిన పెట్టుకుని ఇవన్నీ సైగలతో నేర్పాడు. కూలివాళ్ళకు మాత్రం అందులో స్నానం లేదు. ఏడాదిగా తొట్టి తోముతున్న రాజేశం ఒక్కసారి కూడా అందులో దిగలేదు.

ఒక శుక్రవారం ఇంజనీర్లంతా చేపలవేటకు వెళ్ళారు. మర్నాడు జపాను నుంచి పెద్ద సాబ్ వస్తున్నాడని రాజేశం తొట్టి కడిగి, నింపి, వేడి సరిచూస్తున్నాడు. పొద్దున పదింటికి భూమేష్ వచ్చి లోపలి నుంచి గడియ పెట్టాడు.

"అన్నా, ఇయ్యాల నువ్వు దిగు. మళ్ల కడుగుదువు."

రాజేశం బెదిరాడు. ఎవరూ రారని, పూచీ తనదని భూమేష్ ఒట్టు వేశాడు. రాజేశం నియమం తప్పకుండా పీట మీద కూర్చుని ఒళ్ళు తోముకుని, తువ్వాలు నెత్తిన పెట్టుకుని దిగాడు. మెడదాకా వేడి. ఎముకల్లో పేరుకున్న నొప్పంతా కరిగినట్టయింది. ఊళ్ళో భార్య గంగామణి బీడీలు చుట్టడం ఆపి, పొయ్యి మీది కాగులోంచి అతనికి నీళ్ళు తోడిపెట్టేది. అది గుర్తొచ్చి నవ్వాడు.

"గంగామణి సూస్తే నవ్వుతది తమ్మీ. ఇంత పెద్ద కాగుల మనిషిని ఉడకపెడుతుండ్రా అంటది."

భూమేష్ కూడా నవ్వాడు. తర్వాత తల ముంచమన్నాడు.

"తల ముంచొద్దంటరు గదా."

"ఎవరున్నరు చూడనీకి? ముంచు. మూడు మునుగులు."

రాజేశం మునిగాడు. మూడోసారి లేచేసరికి భూమేష్ గోడవైపు తిరిగి ఉన్నాడు.

మళ్ళీ సోమవారం కాక ఆ పై సోమవారం బావమరిది ఉత్తరం వచ్చింది. బాయిలర్ పక్కన నిలబడి చదివాడు. పచ్చకామెర్లు ముదిరి గంగామణి గురువారం మధ్యాహ్నం పోయింది. సాయంత్రం క్యాంపుకు ఫోన్ చేస్తే భూమేష్ నిన్ను అడిగి చెప్తనన్నడు, ఐసు గడ్డల మీద రాత్రంతా ఉంచినం, పొద్దున మళ్ళ చేస్తే నువ్వు రానన్నవని చెప్పిండు. శుక్రవారం పన్నెండింటికి పాడె లేపినం. మా చిన్నోడు కొరివి పెట్టిండు. నీకు పిల్లలు లేకపోతే పాయె, మనసు కూడ లేదా.

ఇక్కడ పదంటే అక్కడ పన్నెండున్నర. రాజేశానికి ఆ లెక్క వెంటనే అందింది.

ఆఫీసుకు వెళ్ళాడు. అతని చేతిలో కాగితం చూడగానే భూమేష్ లేచి నిలబడ్డాడు. పెద్ద సాబ్ వచ్చే వేళ బాయిలర్ మనిషిని పంపితే తన ఉద్యోగం పోయేదన్నాడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుందన్నాడు. పోయినా లేచి వచ్చేది కాదు కదా అన్నాడు. ఆఖరుకు గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు.

"నేను ఊకె ఉన్ననా అన్నా? చావు కబురుకు తానం జెయ్యాలె గదా. తలమీదికెల్లి జేయించిన. నీ మైల ఆనాడే పోయింది."

రాజేశం గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"కాగు మాట అన్నప్పుడు నువ్వు నవ్వినవ్."

చావు కబురు కాగితం ఉంచుకోకూడదు కనుక చింపాడు. క్యాంపు వెనక డ్రమ్ము దగ్గరికి పోయి, ఎండకు కాగిన ఉప్పునీళ్ళు బట్టలతోనే నెత్తిన పోసుకున్నాడు. సాయంత్రం డ్యూటీకి వచ్చి నలభై రెండు డిగ్రీలకు నీళ్ళు పెట్టాడు.

రెండేళ్ళకు ఊరు చేరాడు. బావమరిది గుమ్మంలోంచే పంపేశాడు. ఫోన్లో రానన్న మొగుడని ఊరు పేరు పెట్టింది. అబద్ధమని చెప్పాలంటే, ఆమె కాలుతున్న గంటలో తను ఎక్కడ ఉన్నదీ, తనేమని నవ్వినదీ చెప్పాలి. చెప్పలేదు.

మరుసటి ఎండాకాలం భూమేష్ సెలవు మీద వచ్చాడు. చిక్కిపోయాడు. పొద్దున్నే రాజేశం వాకిట్లో నిలబడి, పెద్దమనుషుల ముందు అంతా ఒప్పుకుంటానన్నాడు.

"తప్పు నాది అన్నా. అందరి ముందర చెప్త. నీ మీద మాట పోతది."

"నా మీద మాట నేను మోస్త. నీది నువ్వు మొయ్యి. ఆ శుక్రవారం సంగతి ఏడ గూడ ఎత్తకు."

"నువ్వన్న ఒకసారి తిట్టు."

"తిడితే ఎత్తినట్టే గదా. నేనెత్తను. సచ్చేదాక ఎత్తను."

తలుపు వేసుకున్నాడు.