గూట్లో తాతయ్య

పొద్దున ఊడ్చి మూలకి చేర్చిన ఇంట్లో తిరిగే చిట్టి గినీ పందుల పెంటికల్ని తొమ్మిదయ్యేసరికి మళ్ళీ చేటలోకి ఎత్తి అదే నేల మీద చల్లాలి. ఇంతకంటే రోత పని లోకంలో ఇంకోటి ఉంటుందనిపించదు నికనోరాకి. మొహం పక్కకి తిప్పుకుని, ఊపిరి బిగబట్టి చల్లుతుంది.

"గుమ్మం దగ్గర పల్చగా చల్లక్కా. నిన్న ఒకావిడ కాలు జారింది," అన్నాడు తమ్ముడు ఎదిల్బెర్తో, చేతి అద్దంలో చూసుకుని గైడు టోపీ సర్దుకుంటూ.

"వాళ్ళ ఇళ్ళల్లోనూ ఇలాగే చల్లుకుంటారేమో కనుక్కున్నావా?"

"వాళ్ళ ఇళ్ళు చూడ్డానికి ఎవరొస్తారక్కా?"

కోట మెట్లెక్కి దిగిన టూరిస్టులకి మాచుపిచ్చు రైలు ఎక్కేలోపు ఓ అరగంట మిగులుతుంది. పెరూలోని ఈ ఒయాంతాయ్‌తాంబోలో సగం ఊరు ఆ అరగంట మీదే బతుకుతోంది. ఎదిల్బెర్తో జనాన్ని సందులోంచి, నీళ్ళ కాలవ పక్కగా నడిపించి, తాతల నాటి రాతిగదిలోకి తెస్తాడు. "ఇంకా రాజుల కాలం నుంచి ఏమీ మారని ఇల్లు," అంటాడు.

ఆ మారని ఇంటికి వెనక, వాకిలి దాటితే, అక్కాతమ్ముళ్ళు నిజంగా ఉండే ఇల్లు ఉంది. టైల్స్ నేల, గ్యాసు పొయ్యి, మేకులకి వరసగా వేలాడే కప్పులు. పొయ్యి గట్టుని నికనోరా రోజుకి మూడుసార్లు తుడుస్తుంది. కూతురు యెనీ బడి నుంచి రాగానే చెప్పులు బయటే విప్పాలి. ట్రెక్కింగ్ వాళ్ళకి వంట చేసే మొగుడు వారానికోసారి కొండ దిగి వచ్చినా అంతే.

ముందు గదిలో మాత్రం తొమ్మిది దాటితే చీపురు ఎత్తకూడదు. దూలానికి వేలాడే ఎండుమాంసం ముక్క మీద ఈగలు తోలకూడదు. ఆ ముక్క కిందటి వానాకాలం నాటిది, కుక్క కూడా ముట్టదు. గోడల మసి తుడవకూడదు. మసి పల్చబడితే ఎదిల్బెర్తో పచ్చి కొమ్మలు తెచ్చి పొగ పెడతాడు. వచ్చినవాళ్ళు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఆ రుమాలు వెనక నుంచే నవ్వుతూ, ఆమె వంక జాలిగా చూస్తారు. ఆ చూపు ఒంటికి జిడ్డులా పట్టుకుంటుంది. తను మురికి మనిషి కాదని వాళ్ళకి ఏ భాషలో చెప్పాలో ఆమెకి తెలీదు.

అవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేకపోయింది తాతయ్య సంగతి.

ఎదురుగోడ గూట్లో తాతయ్య పుర్రె ఉంటుంది. శ్మశానంలో అద్దె గడువు తీరిపోయి చోటు ఖాళీ చెయ్యమన్నప్పుడు అమ్మే తన చేతుల్తో కడిగి ఇంటికి తెచ్చుకుంది. ఇంటికి కాపలా ఆయనే. ప్రతి సోమవారం ఆయన ముందు మూడు కోకా ఆకులు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, ఇంట్లో కబుర్లు చెప్పడం అమ్మ తర్వాత నికనోరా వంతయింది.

ఆ బుధవారం గుంపు వెళ్ళాక చూస్తే, ఆయన కంటిగుంట అంచున గులాబీరంగు చూయింగ్ గమ్ ముద్ద అంటించి ఉంది. దాని మీద పళ్ళ గాట్లు. ఇంకా తడిగానే ఉంది.

ఆమె గోరువెచ్చటి నీళ్ళు, కాస్త సారా, మెత్తటి గుడ్డ తెచ్చుకుని వాకిట్లో కూర్చుంది. ఎవరో నమిలి వదిలేసింది గోటితో గీకుతుంటే తీగలా సాగింది.

ఎదురింటి అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్న తెయోదోసియా పిన్ని తల ఎత్తి చూసింది. "మీ తాత బతికున్నప్పుడు ఎవడైనా మీద చెయ్యేస్తే పళ్ళు రాలగొట్టేవాడు. ఇప్పుడు ఆయనకి చేతుల్లేవని ఊరందరికీ తెలిసిపోయింది," అంది.

తమ్ముడు రాగానే నికనోరా చెప్పేసింది. "ఇవాళ నుంచి తాతయ్య వెనకింట్లో ఉంటాడు."

"అది లేకపోతే ఆ గదిలో ఇంకేముందక్కా? సోమవారం నుంచి టూరిస్టు ఏజెన్సీ వాళ్ళు పెద్ద గుంపుల్ని పంపుతామన్నారు. పుర్రె ఉందా అనే ముందు అడిగారు."

"'అది' ఏంట్రా? నిన్ను వీపున మోసి బడికి దింపిన మనిషి."

ఎదిల్బెర్తో టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "సరే, ఆయన్ని నువ్వు తీసుకుపో. గూట్లోకి వేరేది తెస్తా. ప్లాస్టర్‌ది. కుస్కో బజార్లో దొరుకుతాయి."

"ప్లాస్టర్‌దేగా?"

"ప్లాస్టర్‌దే. దానికి గమ్ అంటించినా, మేకు దిగ్గొట్టినా ఏమీ అనదు."

తాతయ్యని ఉతికిన తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళి, పొయ్యి పైన అలమరలో, ఉప్పు డబ్బా పక్కన పెట్టింది. చాలా రోజుల తర్వాత ఆ పూట ఆమెకి తిండి సహించింది.

శనివారం కొత్త పుర్రె వచ్చింది. పసుపుపచ్చగా, మసకగా ఉంది.

"ఇంత చిన్నదేంట్రా?"

"ప్లాస్టర్ ఆదా చేసినట్టున్నారు."

ఆ మధ్యాహ్నమే ఒక ముసలావిడ దాని ముందు నిలబడి కళ్ళు తుడుచుకుంది. "ఈయన మా తాత మెల్చోర్," అన్నాడు ఎదిల్బెర్తో. గొంతు వణికింది. ఆ వణుకు నికనోరాకి తెలుసు. అమ్మ పోయిన రోజున వాడి గొంతు అలాగే వణికింది. దాన్ని దాచుకుని, రోజుకి రెండుసార్లు బయటికి తీస్తున్నాడు. ఆమెకి వాడి మొహం చూడబుద్ధి కాలేదు. పోనీలే, తాతయ్యయితే క్షేమంగా ఉన్నాడు కదా అనుకుంది.

సోమవారం పొద్దున గది ఊడుస్తుంటే కొత్త పుర్రె మీద దుమ్ము కనిపించింది. ప్లాస్టర్‌దైనా సరే, దుమ్ము చూసి ఊరుకోవడం ఆమెకి చేతకాదు. తడిగుడ్డ పెట్టి తుడిచింది. గుడ్డకి తెల్లపొడి అంటాలి. మట్టి అంటింది. వాన పడ్డ ఇసుక వాసన వచ్చింది.

తిప్పి చూసింది. ముందు పళ్ళు రెండు లేవు. ఆ ఖాళీలో, ఎముక లోపల్నుంచి, కొత్త పన్ను అంచు పైకి వస్తోంది. చిన్న రంపంలా గాట్లు గాట్లుగా ఉంది. కిందటేడు యెనీకి పన్ను ఊడినప్పుడు సరిగ్గా అలాంటిదే మొలిచింది. నెల్లాళ్ళు రోజూ టార్చి వేసి చూసింది తను.

దాన్ని జాగ్రత్తగా గూట్లో పెట్టి, కుళాయి దగ్గరికి పరిగెత్తి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. మూడోసారి సబ్బు అందుకోబోయి ఆగింది. ఎవడో నమిలిన గమ్ గీకినప్పుడు కూడా ఇన్నిసార్లు కడుక్కోలేదు. ఒక పసిబిడ్డ తల ముట్టుకుని ఇంతగా తోముకుంటున్నానా అనుకునేసరికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఎదిల్బెర్తో పళ్ళు తోముకుంటూ వచ్చాడు.

"అది ఎవరి బిడ్డరా?"

నురగ ఉమ్మేశాడు. "ఎవరి బిడ్డా కాదక్కా. సముద్రం వైపు ఎడారిలో పాత సమాధులు తవ్వేవాడు ఒకడు తెచ్చాడు. వందల ఏళ్ళ నాటిది. అడిగేవాళ్ళు లేరు."

"ప్లాస్టర్ అన్నావు."

"ప్లాస్టర్ బరువుంటుంది. పట్టుకుంటే తెలిసిపోతుంది."

"ఎవరు పట్టుకుంటే?"

వాడు నాలిక కరుచుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. గుంపులో ఒక్కొక్కరి చేతికీ పుర్రె ఇచ్చి ఫోటో తీస్తే బాగుంటుందన్నారట ఏజెన్సీ వాళ్ళు.

"దీన్ని ఎలా తెచ్చావు? సంచీలో పడేసుకునా?"

"మరి? బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెమ్మంటావా?"

"తేవాల్సింది."

సందు చివర వ్యాన్ హారన్ మోగింది. "వచ్చేశారు. తర్వాత మాట్లాడదాం," అని మూతి తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

నికనోరా యెనీని మోసిన పాత దుప్పటి తీసింది. అందులో ఆ చిన్న తలని పెట్టి, వీపుకి వేసుకుని, గుండెల మీద ముడి వేసుకుంది. కాలవలోంచి రెండు బకెట్ల నీళ్ళు తెచ్చి గోడ మీదకి విసిరింది. సబ్బుపొడి చల్లింది. చీపురుతో తోమింది. మసి నల్లటి గంజిలా కారింది. పెంటికలు నీళ్ళలో తేలాయి. గినీ పందులు కీచుమంటూ పొయ్యి సందులో దూరాయి. ఎండుమాంసం తెంపి వాకిట్లో పడేస్తే పిన్ని కుక్క వచ్చి వాసన చూసి వెళ్ళిపోయింది.

గుంపు గుమ్మంలోకి వచ్చింది. ఎదిల్బెర్తో మొహం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే గైడు గొంతు తెచ్చుకున్నాడు. "మీరు అదృష్టవంతులు. ఇది ఏడాదికి ఒక్కసారే జరిగే శుద్ధి. ఇంటి ఆడవాళ్ళే చేస్తారు."

ఫోన్లు పైకి లేచాయి. నల్లనీళ్ళని ఫోటో తీసుకున్నారు. ఒకమ్మాయి తన బూటుని ఆ నీళ్ళలో పెట్టి, దాన్నీ తీసుకుంది. నికనోరా తోమడం ఆపలేదు.

ఒక పెద్దాయన ఆమె వీపు వైపు వేలు చూపించి, పాపేనా అని సైగ చేశాడు. ఎదిల్బెర్తో ఆ ముడి చూశాడు. గూటి వైపు చూశాడు. గూడు ఖాళీగా ఉంది.

"పాప నిద్రపోతోందని చెప్పు. ఫోటోలు వద్దని చెప్పు," అంది నికనోరా.

వాడు చెప్పాడు. ఈసారి గొంతు వణకలేదు. ఫోన్లు ఒక్కొక్కటీ కిందకి దిగాయి. గుంపు బయటికి వెళ్ళాక ఆమె తలుపు వేసి, తాళం పెట్టి, తాళంచెవి దుప్పటి ముడిలో కట్టుకుంది.

మధ్యాహ్నానికి వెనకింటి అలమరలో తాతయ్య పక్కన ఆ చిన్నతల, మడతపెట్టిన తువ్వాలు మీద కూర్చుంది. తాతయ్యకి కోకా ఆకులు పెట్టింది. పాపకి ఏం పెట్టాలో తోచలేదు. ఆ పళ్ళతో వేయించిన మొక్కజొన్న నమలలేదు. జావ కాచి, యెనీ కప్పులో పోసి పెట్టింది.

పిన్ని వచ్చి తొంగిచూసింది. "పేరేంటే?"

"వాళ్ళమ్మకి తెలుసు. శ్మశానంలో దీనికో చోటు దొరికేదాకా పాప ఇక్కడే ఉంటుంది."

సాయంత్రం ఎదిల్బెర్తో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ముందు గది సంగతి ఎత్తలేదు. "జావ ఇంకా ఉందా అక్కా?"

"బూట్లు విప్పు. చేతులు కడుక్కో."

కడుక్కొచ్చి, తడి చేతులు చూపించాడు.

"మళ్ళీ," అంది.

వాడు ఆమె మొహం చూశాడు. అలమర వైపు చూశాడు. కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బు అందుకున్నాడు.