చప్పుడు చేయని టైర్లు

కుట్టు మిషన్లు బాగుచేసే ఆయన్ని అందరూ మిషనాయన అనేవారు. ఆయనకి ఇల్లన్నా కొట్టన్నా వ్యానే. వెనక మంచం, మంచం కింద పనిముట్లు, తలుపు పక్కన స్టవ్వు, ముందు రెండు సీట్లు. ఒక సీట్లో ఆయన, రెండో దాంట్లో ఆయన భార్య. పొద్దున్నే ఆవిడ దుప్పట్లు దులిపి మడతపెట్టేది, ఆయన నాలుగు టైర్లనీ కాలితో తన్ని చూసేవాడు, బండి కదిలేది. పెళ్లైనప్పటి నుంచీ ఇదే వరస.

ఆవిడ మాట మాత్రం ఏడాదికేడాది పొట్టిదైపోతూ వచ్చింది. జబ్బేం కాదు. డాక్టరు నోట్లో లైటు వేసి చూసి, "గొంతు బంగారంలా ఉందమ్మా, మాటే దూరం పోవట్లేదు, కొందరికంతే" అని పంపించేశాడు. పెళ్లైన కొత్తలో ఆవిడ వీధి ఈ చివర పిలిస్తే ఆ చివర పిల్లలు ఉలిక్కిపడేవారట. తరవాత గడప దాకా వెళ్లేది. ఇప్పుడు మూరెడు. మూరెడు దాటితే మాట దారిలోనే రాలి ఒళ్లో పడేది. నల్లగా, బట్టలకి కుట్టే హుక్కంత. ఒక్కో మాటకి ఒక్కో ఆకారం. ఒకసారి రాలాక అది ఇంక పలకదు. ఆవిడ ఒళ్లు దులుపుకునేది, అవి కిందపడి ఏ సీటు కిందకో దొర్లిపోయేవి. మిషన్లు తెచ్చిన ఆడవాళ్లు, "అక్కా, మాట పడేసుకున్నారు" అని తీసి ఆవిడ చేతిలో పెట్టేవారు.

సీటుకీ సీటుకీ మధ్య సరిగ్గా మూరెడే ఉంది. కాబట్టి వినపడాలి. కానీ వ్యాన్ టైర్లు పాతబడి ఒకటే రొద, తారు రోడ్డెక్కితే పిండిమర పక్కన కూర్చున్నట్టే. ఆ హోరు తగిలి ఆవిడ మాట సగం దూరంలోనే టపీమని రాలిపోయేది. వినపడలేదని ఒప్పుకునే మనిషా ఆయన! పెదాలు కదిలితే చాలు, "ఆఁ ఆఁ, అలాగేలే" అనేసేవాడు. చలేస్తోందా అని ఆవిడ అడిగినా అలాగేలే, బ్రేకు దగ్గర ఏదో వాసనొస్తోందన్నా అలాగేలే.

వంతెన దాటాక మలుపులో పచ్చ తలుపున్న గది ఒకటుంది. ముందు చిన్న వరండా, పక్కన పొడుగాటి గోడ, తలుపుకి ఎప్పుడూ తాళం. అటు వెళ్లిన ప్రతిసారీ ఆవిడ అక్కడికి రాగానే కిటికీలోంచి చూసి, ఇటు తిరిగి ఏదో అనేది. "టీయేగా? ఊళ్లోకి వెళ్లాక తాగుదాం" అనేవాడాయన. అన్నట్టే ఊరి మొదట్లో బండి ఆపి రెండు టీలు చెప్పేవాడు. ఆవిడ గ్లాసు చేతిలో పట్టుకుని ఆయన వంక కాసేపు చూసి, తాగేసేది.

బండి ఆగాక చెప్పొచ్చుగా అంటారు మీరు. చెప్పకేం, చెప్పింది. అప్పుడాయన తల ఏదో ఒక మిషన్లో ఉండేది. "ఆఁ, చూద్దాంలే" అనేవాడు లోపల్నించే. పోనీ రాసి చూపించమని ఒకసారి పలక కొనిచ్చాడు. ఆవిడకి రోషమొచ్చింది. నోరుండగా రాత ఏమిటని ఆ పలక మీద ఉల్లిపాయలు తరుక్కుంది.

ఒకరోజు పొద్దున బండి ఇంకా కదల్లేదు, చుట్టూ ఏ చప్పుడూ లేదు. ఆవిడ తన సీట్లోంచి ఆయన్ని పిలిచింది. ఆ పిలుపు గేరు రాడ్డు దాకా కూడా రాకుండా రాలిపోయింది. ఆయన దాన్ని చూశాడు. దాన్నీ, ఆవిడనీ మార్చి మార్చి చూశాడు. ఇంకెన్నాళ్లు? ఇన్నాళ్లూ రేపు వినొచ్చులే అనుకున్నవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి, పాపం, ఆయనకి ఏం చెయ్యాలో తోచలేదు. ముందుకి వంగి, చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టి, "చెప్పు" అన్నాడు. "బయల్దేరదామా అన్నాను, అంతే" అంది ఆవిడ.

ఆయన తిన్నగా బండిని టైర్ల షాపుకి పోనిచ్చాడు.

షాపు నడిపేది ఒకావిడ. గాలి మిషన్ పక్కన బతికి బతికి ఆవిడ మామూలుగా మాట్లాడటం మర్చిపోయింది, అరవడమే.

"చప్పుడు చెయ్యని టైర్లు కావాలమ్మా."

"చప్పుడు చెయ్యంది స్టెప్నీ ఒక్కటే అన్నయ్యా. వెనక హాయిగా వేళ్లాడుతూ తిరుగుతుంది."

"వేళాకోళం కాదు తల్లీ."

ఆవిడ వంగి పాత టైరుని అరచేత్తో నిమిరింది. "రంపం పళ్లలా అరిగింది. అరవక ఏం చేస్తుంది? దీంతో ఇన్నాళ్లు ఎలా వేగారు?"

ఆయన ఆత్రంగా అటూ ఇటూ చూసి, నున్నగా ఉన్న ఒక టైరు పట్టుకొచ్చాడు. "అది కారుది. మీ మంచం, స్టవ్వు, ఇనప సామాను అంతా దాని మీద పెడితే మొదటి గోతికే పగుల్తుంది. వ్యాన్‌కి వ్యాన్ టైరే వెయ్యాలి" అని లాగేసుకుంది. తరవాత రెండు టైర్లు తెచ్చి పక్కపక్కన నిలబెట్టింది. "ఇది గట్టి రబ్బరు. ఏళ్ల తరబడి మన్నుతుంది, కానీ కొంచెం రొద. ఇది మెత్తటిది, మీద గాట్లు సన్నం. పిల్లిలా పోతుంది. కాకపోతే తొందరగా అరిగిపోతుంది. చెప్పండి, మన్నిక కావాలా, నిమ్మళం కావాలా?"

"ఎక్కువ రోజులు రాకపోయినా ఫర్వాలేదమ్మా," అన్నాడాయన. "మా ఆవిడ మాటే ఎక్కువ రోజులు వచ్చేలా లేదు."

షాపావిడ బెంచీ మీద కూర్చున్న ఆయన భార్య వంక ఒకసారి చూసి, మొదటిసారి గొంతు తగ్గించింది. "అయితే నాలుగూ మారుద్దాం. రెండే మారిస్తే మిగతా రెండూ అరుస్తాయి."

వ్యాన్ ముందు భాగం జాకీ మీద లేచింది. వెనక తలుపులు తీసే ఉన్నాయి. బండి అలా వాలగానే సీట్ల కింద్నించి, మంచం కింద్నించి ఇన్నేళ్ల మాటలు జలజలా దొర్లుకుంటూ వచ్చి షాపు నేల మీద పడ్డాయి. షాపావిడ కంగారేం పడలేదు. చీపురు తెచ్చి చేటలోకి ఎత్తి, వెలుతురుకి పట్టి చూసింది.

"వింతగా ఉందే. చాలా వరకు ఒకటే మాట అన్నయ్యా. చూడండి, కొసన ఇలా రెండు మెలికలు. అదే, మళ్లీ అదే."

"టీ అడిగిందై ఉంటుంది," అన్నాడాయన నవ్వుతూ.

"దాచమంటారా?"

"ఎందుకమ్మా, పారెయ్. పలకని మాటలు ఏం చేసుకోను? ఇకమీదటివి వింటానుగా!"

బెంచీ మీంచి ఆయన భార్య లేచింది. చెయ్యి చాచి ఏదో అంది. గాలి మిషన్ బుస్సుమంది, ఆ మాట ఆవిడ కాళ్ల దగ్గరే రాలింది. షాపావిడ అప్పటికే చేట తీసుకెళ్లి పెరట్లో డ్రమ్ములో కుమ్మరించేసింది. చాచిన ఆ చెయ్యి అలాగే కాసేపు ఉండి, మెల్లగా కిందికి దిగింది. అరిచేందుకు ఆవిడ దగ్గర అరుపు లేదు మరి.

కొత్త టైర్లకి రబ్బరు వెంట్రుకలు ఇంకా నిక్కపొడుచుకుని ఉన్నాయి. బండి రోడ్డెక్కింది. అబ్బ, ఏం నిమ్మళం! స్టవ్వు మీద గిన్నె మూత కదిలినా వినిపిస్తోంది. మిషనాయనకి ఆనందం పట్టలేదు. "చూశావా? నేనన్నానా లేదా? అసలు నేల మీద ఉన్నామా లేదా అన్నట్టు లేదూ? ఈ పని ఎప్పుడో చెయ్యాల్సింది..." టైర్ల గురించి, రబ్బరు గురించి, తన తెలివి గురించి వంతెన దాకా వాగుతూనే ఉన్నాడు. ఆవిడ పెదాలు రెండుసార్లు కదిలాయి, రెండుసార్లూ ఆవిడ మాట ఆయన మాటలు తగిలి రాలిపోయింది. వంతెన దిగాక ఆయనకి దగ్గొచ్చింది. మాట ఆగింది. అప్పుడు మలుపులో ఆవిడ, ఉన్న బలమంతా కూడదీసుకుని, అంది.

"ఇక్కడే ఉండిపోదామండీ. ఎన్నిసార్లు చెప్పాను మీకు?"

ప్రతి అక్షరం వినిపించింది. ఆయన కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. బండి ఆగింది. ఆగాక, పాడు అలవాటు, ఆయన నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఏమన్నావ్?"

ఆవిడ మళ్లీ అంది. ఈసారి మాట గాల్లో వేలెడు కూడా సాగలేదు. ఒళ్లో పడింది. ఆయన దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. కొసన రెండు మెలికలు. చేటడు. చేట నిండా ఇదే. తనే పారెయ్యమన్నాడు.

"నాకు వినపడిందే. వినపడింది! అలవాటుకొద్దీ అడిగానంతే. ఇంకోటి చెప్పు, ఏదైనా సరే. తిట్టు పోనీ." ఆవిడ పెదాలు కదిలాయి. వినపడిందీ లేదు, రాలిందీ లేదు. ఆయన స్టీరింగ్ మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తరవాత దిగి వెళ్లి పచ్చ తలుపు తట్టాడు. తాళం లేదు. లోపల ఎవరివో మంచాలు, ఎవరిదో గోడ గడియారం. "మొన్నీమధ్యే దిగామండీ," అంది తలుపు తీసిన ఆవిడ. "అంతకుముందు ఏళ్ల తరబడి ఖాళీయేనట, అడిగిన నాథుడే లేడట." ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. ఎందుకో ఆవిడే అంది, "పోనీ, ఆ గోడ పక్కన స్థలం ఉంది. బండి పెట్టుకుంటే మాకేం అభ్యంతరం లేదు."

బండి అక్కడ పెట్టారు. మళ్లీ తియ్యలేదు. మిషన్లే జనాల చంకనెక్కి ఆయన దగ్గరికి వస్తున్నాయి. టైర్ల రబ్బరు వెంట్రుకలు సగం కూడా అరగలేదు.

సాయంత్రాలు ఇద్దరూ వెనక తలుపులు తీసుకుని, పచ్చ తలుపు వైపు తిరిగి కూర్చుంటారు. ఊహించి జవాబు చెప్పడం ఆయన మానేశాడు. ఏదైనా అడిగి, ఆవిడ ముఖం వంక చూస్తూ, ఎంతసేపైనా ఆగుతాడు. మొదటి రోజు "టీ తాగుతావా?" అని అడిగితే, ఆవిడ వద్దని తల అడ్డంగా ఊపింది. అసలు ఎప్పుడూ ఇష్టం లేదా అని అడిగాడు. లేదంది, తలతోనే.

ఆయన లేచి, స్టవ్వు వెలిగించి, ఒక్క గ్లాసుకే నీళ్లు పోశాడు.