హార్లీ పేరు మీద

ముప్ఫయ్యో గజం గీత దగ్గర ఎమ్లిన్ ప్రాసర్ ఆగాడు. సున్నం బండి కుడి చక్రం పట్టేసింది. చక్రాన్ని ఒక తన్ను తన్ని, అంతకుముందే పట్టేసిన మోకాలిని తిట్టుకుని, మళ్ళీ నెట్టాడు. మూడు చోట్ల విరిగిన ముక్కు, అందుకని నోటితోనే ఊపిరి.

ఈ కాలేజీ మైదానానికి గీతలు గీయడం పంతొమ్మిదేళ్ళుగా ఆయన పని. ముప్ఫై ఏళ్ళ కింద, బొగ్గు గనిలో పనిచేసే రోజుల్లో, ఇక్కడే, బంతిని చేత్తో పట్టుకుని దూసుకుపోయే అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాడు. సైలస్ హార్లీ అనే విద్యార్థి జ్వరంతో ఇంటికి పోతే పేరు మాత్రం రిజిస్టరులో ఉండిపోయింది. కెప్టెన్ వైట్‌కూంబ్ ఆ పేరు తెచ్చి ఈయనకు తగిలించాడు. హెల్మెట్లు లేని ఆ రోజుల్లో తల పగలకుండా అందరిలాగే ఎమ్లిన్ కూడా వేసవి నుంచే జుట్టు పెంచాడు. నగరంలోని పెద్ద కాలేజీ మీద తన జట్టు గెలిచిన రోజు తొమ్మిది మంది మీద పడ్డా బంతి వదల్లేదు.

ఇవాళ ఆ జట్టుకు సన్మానం. ఇప్పుడు జడ్జిగారైన వైట్‌కూంబ్ ముందే వచ్చాడు.

"ఏరా, ఇంకా బతికే ఉన్నావా?"

"చావడానికి తీరిక దొరకలేదు కెప్టెన్. ఇవాళైనా నా పేరు చదువుతారా?"

"ఎలా చదివేదిరా? విద్యార్థివి కాని నువ్వు ఆడావని తెలిస్తే ఆ గెలుపు కాస్తా ఊడిపోతుంది. ఒక్కరోజైనా క్లాసులో అడుగు పెట్టావా?"

"పెట్టాను. పొయ్యిలో బొగ్గు వేయడానికి."

జడ్జి పగలబడి నవ్వి, భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఎమ్లిన్‌కు నవ్వు రాలేదు. ఆ ఆట ఆడింది తానేనని పదిమందిలో ఒక్కసారి వినాలని ఉంది. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ఇవాళ్టి ఆట మధ్య విరామంలో గీత పక్కన ఆ పాత జట్టుకు పదకొండు కుర్చీలు వేశారు. జడ్జి పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరే "ఉన్నాను" అని లేస్తున్నారు.

"సైలస్ హార్లీ."

అసలు హార్లీ చనిపోయి ఆరేళ్ళు. కాలేజీ కాగితాల ప్రకారం ఆ ఆట ఆడినవాడు ఇప్పుడు లేడు. వేలమంది టోపీలు తీసి తలలు వంచారు. సున్నం బండి పక్కన ఎమ్లిన్ నోరు తెరిచాడు. జడ్జి ఆయన వైపే చూసి, చూపు దించుకున్నాడు. గెలుపు పోగొట్టడానికి ఎమ్లిన్‌కు మనసొప్పలేదు. నోరు మూసుకుని తన టోపీ కూడా తీశాడు. తన చావుకు తానే మౌనం పాటించిన ఆ నిమిషం ఎంతకీ అయిపోలేదు.

ఆట ముగిసి జనం వెళ్ళాక కుర్చీలు మడిచే పని ఆయనదే. పది మడిచాడు. హార్లీ కోసం ఖాళీగా ఉంచిన పదకొండో దాంట్లో కూలబడి కాళ్ళు చాపుకున్నాడు. పొద్దు వాలుతుండగా గేటు మూయడానికి వచ్చిన కాపలావాడు రెండుసార్లు పిలిచి, దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకు చూశాడు. చల్లబడిపోయి ఉంది.

ఆయన్ని మోసుకెళ్ళాక, హార్లీ పేరు రాసి ఆ కుర్చీ వీపుకు కట్టిన నల్ల రిబ్బను మైదానంలో అలాగే ఉండిపోయింది.