మిగతావారు

ఇటు రా తల్లీ, ఆ ఫోను కాసేపు బోర్లించి నా పక్కన కూర్చో. ఇంకాస్త దగ్గరికి జరుగు, గొంతెత్తి చెప్పే కథ కాదిది. ఒక ప్రింటరు కథ. నవ్వకు. ఆ మాట సరిగ్గా పలకడానికే నాకు ఏడాది పట్టిన సంగతి నిజమే. అయినా దాని పేగుల దాకా నాకు తెలుసు. ఎందుకంటే ఇదంతా జరిగిన మనిషి, నేను బొత్తాలు కుడుతుంటే ఎదురుగా కూర్చుని, ఒక్క ముక్క వదలకుండా చెప్పింది.

ఆమెను వీధిలో అందరూ కత్తెరమ్మ అనేవారు. పేరుకు కత్తెరమ్మే గానీ ఆమె అసలు పని కత్తిరించడం కాదు, ఎలా కత్తిరించాలో కాగితం మీద గీయడం. ఆ కాగితాలను టైలర్లు పక్కపక్కన అతికించి, బట్ట మీద పరిచి, గీత వెంట కత్తెర నడుపుతారు. ఒక్కో చొక్కాకు పన్నెండు కాగితాలు. ప్రతి కాగితం మూలన అంగుళం చదరం ఒకటి ఉంటుంది. కత్తెర పట్టే ముందు స్కేలు పెట్టి దాన్ని కొలవాలి, అది ఆ పనిలో ఆచారం. బయట షాపుల్లో ప్రింటు తీస్తే వాళ్ళ యంత్రం కాగితంలో పట్టించడానికి బొమ్మను కాస్త కుదిస్తుంది. చదరం అంగుళానికి తగ్గుతుంది, చొక్కా తొడుక్కున్నవాడికి ఊపిరాడదు. అందుకని ఇంట్లో ప్రింటరే ఆమెకు గతి.

ఆ ప్రింటరు, దాని కంప్యూటరు భర్తవి. పెద్ద పెద్ద కంప్యూటర్లను కాపలా కాసే ఉద్యోగం ఆయనది. ఇంట్లోది కూడా అందరిలాంటిది కాదు, లినక్స్ అనే రకం. నల్లటి తెర మీద మాట రాసి అడిగితేనే పలుకుతుంది. ఆఫీసు పద్ధతి ఒకటి ఆయన ఇంటికి తెచ్చాడు. ఏ కాగితం బయటికొచ్చినా దాని నెత్తిన, పంపిన ఖాతా ఎవరిదో ఆ పేరు పడేలా సొంతంగా ఒక ఏర్పాటు రాసిపెట్టాడు. ఆమెకూ ఒక ఖాతా తెరిచాడు, దానికి గుర్తుగా గరిట బొమ్మ పెట్టి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు కూడా. కానీ గీసే సరంజామా అంతా ఆయన ఖాతాలో ఉండడంతో ఆమె అందులోనే పనిచేసుకునేది. ఆరేళ్ళు. ఆరేళ్ళలో ఆమె గీసిన ప్రతి కాలరు నెత్తినా, ప్రతి జేబు నెత్తినా ఆయన పేరే పడింది.

దాన్ని ఆమె ఏనాడూ పట్టించుకోలేదు. ఇంట్లో కరెంటు బిల్లు మీద ఆయన పేరు, తలుపు మీద ఆయన పేరు, పిల్ల బడి పుస్తకంలో ఆయన పేరు. ఆ వరసలో ఇదొకటి, అంతే. ఒకరోజు పొద్దున ఫోను మోగేదాకా అంతే. కుట్టు పని నేర్పే కేంద్రం నుంచి అక్కడి పెద్ద మేడం. టైలర్ల చేతుల్లో కాగితాలు చూసిందట.

"సార్, మీరు గీసినవి అద్భుతం! మగవాళ్ళలో ఇంత సున్నితంగా చంక కొలత తీసేవాళ్ళను నేను చూళ్ళేదండీ. మా పిల్లలకు పాఠం చెబుతారా?"

ఆయన ఫోను స్పీకరులో పెట్టి ఆమెకేసి కన్నుగీటాడు. "అబ్బే, మా ఆవిడ ఏదో గీస్తుంటుందండీ, నేను కాస్త సరిదిద్దుతుంటాను."

అబద్ధమని ఆయనకూ అనిపించలేదు తల్లీ, అదే చిత్రం. ఫైలు తెరుచుకోకపోతే తెరిచి ఇచ్చేవాడు. అదే సరిదిద్దడం అనుకున్నాడు. ఆమె చేతిలో అప్పుడు ఆయన చొక్కానే ఉంది, కాలరు రుద్దుతోంది. ఆ రుద్దడం ఆపలేదు. ఫోను పెట్టేశాక ఆయన అన్నాడు, "ఎవరైతే ఏంటోయ్, పొగిడింది మనల్నేగా." ఆ 'మనల్ని' దగ్గర ఆమె రుద్దడం ఆగింది.

మర్నాడు ఆమె తనే కేంద్రానికి ఫోను చేసి, నిన్న మాట్లాడినాయన భార్యనని, పాఠం చెప్పే పనికి తాను వస్తానని చెప్పింది. "సరేనమ్మా, మీరు సొంతంగా గీసినవి మూడు రకాలు, గురువారం నాలుగింటికల్లా తెచ్చి చూపించండి. మీరు గీసినవే తేవాలి సుమా," అంది మేడం. ఆ 'సుమా' విని ఆమె చెవులు వేడెక్కాయి.

ముప్ఫయ్యారు కాగితాలు. గురువారం మధ్యాహ్నం అన్నాలు అయ్యాక, ఎంగిలి గిన్నెలు అలాగే వదిలేసి, ఆమె మొట్టమొదటిసారి గరిట బొమ్మ నొక్కి తన ఖాతాలోకి వెళ్ళింది. ఫైళ్ళు ముందే అటు మార్చుకుంది. ప్రింటు అంది. యంత్రం కిక్కురుమనలేదు.

భర్తకు ఫోను చేసింది. "కేబుల్ సరిగ్గా పెట్టావా?" అన్నాడు. పెట్టానంది. "తీసి మళ్ళీ పెట్టు." పెట్టింది. "అవతలి చివర కూడా చూడు. మీరు తుడిచేటప్పుడు లాగేస్తుంటారు." 'మీరు' అంటే గౌరవం కాదులే, చీపురు పట్టే జాతి మొత్తం. "మీటింగులో ఉన్నా, సాయంత్రం వచ్చి చూస్తా. అంత తొందరైతే నా దాంట్లోంచి కొట్టెయ్," అని పెట్టేశాడు.

అదీ ఆమె ముందున్న చిక్కు. ఆయన ఖాతాలో ఒక్క మీట నొక్కితే పావుగంటలో కాగితాలన్నీ వస్తాయి. అన్నిటి నెత్తినా ఆయన పేరుతో వస్తాయి. మీరు గీసినవే సుమా అన్న మనిషి ముందు వాటినే పరవాలి.

ఆ ఫోను మాటలు విని అత్తగారు గుమ్మంలోకొచ్చి నిలబడింది. "వాడొచ్చి చూస్తాడుగా, నువ్వు కెలికి అసలుకే మోసం తేకు. వాడి పేరు పడితే నీకేం అరిగిపోయిందే? మొగుడి పేరేగా!"

ఆ అత్తగారిని నేనే తల్లీ. ఎవరో అన్నట్టు చెప్పుకొచ్చాను గానీ, నా నోటితో అన్నమాటను వేరే నోట్లో పెడితే కథ పాడవుతుంది. ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసింది. కోపంగా కాదు. గుండుసూది ఎక్కడ పెట్టానా అని వెతుక్కునేటప్పుడు మనిషిని దాటి చూస్తామే, అలాగ. మళ్ళీ తెరకేసి తిరిగిపోయింది.

చొక్కా బిగుతైతే కుట్లన్నీ విప్పేసేవాడు చెడ్డ టైలరు. ఎక్కడ పట్టేస్తోందో చూసి ఒక్కో కుట్టే విప్పి తొడిగి చూడాలి. ఆమె అదే చేసింది. ముందు కేబుల్ మార్చింది, ఫోను చార్జింగు పెట్టే పక్క రంధ్రానికి తగిలించింది. లాభం లేదు. భర్త అడుగుతుంటే ఆరేళ్ళు పక్కన చూసింది కదా, నల్ల తెర తెరిచి, నీకు ఏమేం తగిలించి ఉన్నాయో చెప్పు అని అడిగింది. కీబోర్డు, మౌసు, ప్రింటరు అని వరసగా చెప్పింది. అంటే తీగ మంచిదే, యంత్రం మంచిదే, రెండూ ఒకదాన్నొకటి గుర్తుపడుతున్నాయి. మరి ఎవరికి ఎవరు తెలియదు? తన కాగితాన్ని నేరుగా యంత్రానికి పంపి చూసింది. అప్పుడొచ్చింది జవాబు. అనుమతి లేదు.

ప్రింటరు తాలూకు హక్కులు చూపించమంది. ఆ రకం కంప్యూటరుకు లోకంలో మూడే రకాల మనుషులట. యజమాని ఒకడు, ఆయన జట్టు, ఆ తర్వాత మిగతావారు. యజమాని రాయవచ్చు, అంటే ప్రింటుకు పంపవచ్చు, జట్టూ రాయవచ్చు. మిగతావారి ఎదురుగా ఒట్టి అడ్డగీతలు, అంటే ఏ హక్కూ లేదని.

జట్టులో ఎవరున్నారని అడిగింది. రెండు పేర్లొచ్చాయి. ఒకటి భర్తది. రెండోది మరిదిది. రెండేళ్ళ కిందట మూడు రోజులకొచ్చి, రైలు టికెట్టు ఒక్కటి ప్రింటు తీసుకుని వెళ్ళిన మరిదిది.

ఆమె ఆ రెండు పేర్లూ చాలాసేపు చూసింది. ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. గిన్నెల్లో మెతుకులు ఎండిపోతున్నాయని గుర్తొచ్చింది, లేవలేదు. ఎవరైనా తనను కావాలని తోసేసి ఉంటే తిట్టుకోడానికి ఒక మొహం ఉండేది. ఇక్కడ ఎవరూ తోయలేదు. మూడు రోజుల చుట్టం అవసరం గుర్తొచ్చినవాడికి, పక్కనే ఆరేళ్ళు గీసిన మనిషి అవసరం గుర్తు రాలేదు. 'నా చెయ్యి తన చెయ్యే అనుకున్నాడేమో' అనుకుంది. చేతికి వేరే పేరు ఎవరు పెడతారు?

తన ఖాతాలోంచే జట్టులో పేరు రాయబోయింది. యంత్రం ఒప్పుకోలేదు సరికదా, ఈ సంగతి పైకి తెలియజేస్తామని హెచ్చరించింది కూడా. పై అంటే ఎవరు? ఆయనే! అప్పుడు మాత్రం ఆమె కిసుక్కున నవ్వింది. ఆమెకు మతిపోయిందేమోనని గుమ్మంలో ఉన్న నాకు భయమేసింది.

ఆయన ఖాతాలోకి వెళ్ళింది, ఆ తాళం మాట ఆమెకు కంఠతా. ప్రింటు మీట అక్కడే ఉంది, వేలికి అంగుళం దూరంలో. టైము మూడు. దాన్ని ముట్టుకోలేదు. జట్టు చివర మూడో పేరుగా తన పేరు రాసింది. అక్షరం అక్షరం చూసుకుని రాసింది. ఆయన తెర అలా పక్కకు జరిపి, తెరిచే ఉన్న తన ఖాతాలోకొచ్చి ప్రింటంది. అనుమతి లేదు.

మూడుంబావు. జట్టును మళ్ళీ అడిగితే మూడు పేర్లూ ఉన్నాయి. పేరుంది, అయినా కాదంటోంది. "పోనీలేవే," అన్నాను నేను. ఈసారి నా గొంతు అంత గట్టిగా లేదు. ఆమె చెయ్యెత్తి నన్ను ఆగమంది. పెళ్ళయ్యాక నా మాటకు చెయ్యి అడ్డం పెట్టడం అదే మొదలు.

లోపలున్న మనిషికి పాత హక్కులే నడుస్తాయట. ఎవరు వచ్చారో యంత్రం గడప దగ్గర ఒక్కసారే చూస్తుంది. కొత్తగా ఏమిచ్చినా, ఒకసారి పూర్తిగా బయటికెళ్ళి మళ్ళీ రావాలి. ఆ సంగతి సహాయం పేజీలో చిన్న అక్షరాల్లో దొరికింది. అన్నీ మూసేసి ఆమె బయటికొచ్చింది. మళ్ళీ తన పేరుతో లోపలికెళ్ళింది.

ప్రింటరు గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేసి, మొదటి కాగితం కక్కింది. ఆమె స్కేలు తీసి ముందు మూలన చదరం కొలిచింది. సరిగ్గా అంగుళం. ఆ తర్వాతే నెత్తిన పేరు చూసుకుంది.

నాలుగింటికి రెండు నిమిషాలుందనగా కేంద్రం మెట్లెక్కింది. మేడం కాగితాలు బల్ల మీద పరిచి, చంక వంపు వెంట వేలు నడిపింది. పైనున్న పేరు చూసింది. టైలర్ల దగ్గర తీసుకున్న పాతవి తీసి పక్కన పెట్టి వాటి మీది పేరూ చూసింది.

"చెయ్యి ఒకటే కనిపిస్తోందమ్మా. ఈ గీత మీవారిది కదూ? ఆయన సరిదిద్దుతారని చెప్పారే."

అవునండీ అంటే ఇంట్లో గొడవుండదు, పని కూడా దొరికినా దొరకవచ్చు.

"ఆయనకు బొత్తం కుట్టుకోవడం కూడా రాదండీ," అంది. "పాతవీ నావే. కొత్తవీ నావే."

అంతే తల్లీ కథ. ఇది గుర్తుపెట్టుకో, రేపు నీ దగ్గర కూర్చున్నవాళ్ళకు చెప్పు. చెప్పేటప్పుడు నా కొడుకు దుర్మార్గుడని కలపకు, కాదు. నేను మంచిదాన్నని అసలే కలపకు.